బైలడిల్ల ధూళియు గాజుపాత్రలోని జీవకణమును

బస్తరు సీమకును తెలుగునాటికిని గల సంబంధము నేటిది కాదు. నాగవంశపు రాజుల యేలుబడిలో, క్రీ. శ. 1060లో, వారి సామంతుడగు చంద్రాదిత్యుడను తెలుగు చోడుడు బార్సూరునందు చెరువు త్రవ్వించి, గుడి కట్టించి, ఆ సంగతిని తెలుగు శాసనమున చెక్కించెను. 1323లో ఓరుగల్లు పడిన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ యడవులకు వచ్చి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజులు తమ వంశకథగా చెప్పుకొనిరి. దంతెవాడలోని 1703 నాటి శాసనమును ఆ మాటనే చెప్పుచున్నది. ఈ విషయములు చరిత్ర ప్రియులకు క్రొత్తవి కావు. కాని 1968 నుండి బస్తరునకును తెలుగు తీరమునకును నడుమ మరియొక బంధము ఏర్పడినది. అది ఎఱ్ఱని ఇనుపధూళితో ముడిపడిన బంధము. ఆ ధూళిని పీల్చిన మనుష్యుని లోపల ఏమి జరుగునను ప్రశ్నకు సమాధానము కొండలలోగాని శాసనములలోగాని దొరకలేదు. దేహమునుండి వేరుచేసి గాజుపాత్రలో పెంచిన జీవకణములయందు దొరకినది.

బైలడిల్ల యనగా ఎద్దుమూపురము. పూర్వపు బస్తరు జిల్లాలో, నేటి దంతెవాడ జిల్లాలో, ఉత్తర దక్షిణములుగా సాగిన ఈ జంట కొండవరుసలను దూరమునుండి చూచినవారికి ఆ పేరు ఎంత సరియైనదో తెలియును. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన పి. ఎన్. బోసు 19వ శతాబ్దాంతమున ఇచ్చటి ఇనుపరాతిని లోకమునకు తెలిపెను. 1930 దశకమున క్రూక్‌షాంక్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఖనిజము గల చోటులను గుర్తించి వానికి 1 మొదలు 14 వరకు అంకెలు వేసెను. నేటికిని ఆ గనులను ఆ అంకెలతోడనే పిలుచుచున్నారు. 1958లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ నెలకొనుట, 1960లో జపానుతో ఒప్పందము కుదురుట, కొత్తవలస నుండి కిరండూలు వరకు 58 సొరంగములతో రైలుమార్గము వెలయుట, 1968లో 14వ అంకె గని పని మొదలిడుట, 1977లో బచేలి గని తోడగుట—ఇవి వరుసగా జరిగిన ఘటనలు. కిరండూలు, బచేలి పట్టణములలో తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడినవి. ఖనిజము అనంతగిరి కొండలను దాటి విశాఖపట్టణపు రేవునకు దిగినది. అచ్చట వ్యాగనులను పట్టి బోర్లించు యంత్రముల చెంత లేచిన ధూళి ఓడల మీదనే గాక రేవునానుకొని యున్న ఇండ్ల మీదను వ్రాలినది. రేవు ధూళిని గూర్చి విశాఖ పౌరులు చేసిన ఫిర్యాదులు దశాబ్దముల తరబడి సాగినవి.

ఈ ధూళి ఒక్క పదార్థము కాదు. అసలు మెలిక ఇందే యున్నది. బైలడిల్ల కొండలకు మూలమైన శిల చారలచారల రాయి. ఒక చార ఇనుప ఆక్సైడు. దాని ప్రక్క చార క్వార్ట్జు, అనగా స్ఫటిక రూపమున నున్న సిలికా. కోట్ల సంవత్సరముల కాలములో నీరు సిలికాను కరగించి కొనిపోయిన చోట్ల ఇనుము చిక్కబడి, నూటికి అరువది పాళ్ళకు మించిన మేలైన ఖనిజమయ్యెను. కరగిపోని చోట్ల చారల రాయి అట్లే నిలిచెను. కాబట్టి ఒకే కొండపై పనిచేయు ఇద్దరు కూలీలు, ఒకడు ఖనిజమును తొలచుచు, మరియొకడు దాని ప్రక్కనున్న రాతిని తొలచుచు, రెండు వేర్వేరు ధూళులను పీల్చగలరు. కంటికి రెండును ధూళియే.

గనిలోని ధూళి మనుష్యుని చంపునను సంగతి ప్రాచీనులకును తెలియును. జర్మను పండితుడు అగ్రికోలా 1556లో వెలువడిన తన గనుల గ్రంథమున, కార్పేతియను కొండలలో ఒక్కొక్క స్త్రీ ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకొనిన ఉదంతమును చెప్పెను. మన దేశమున ఈ వ్యాధి మొదట 1934లో కోలారు బంగారు గనులలో బయటపడినది. ఆ గనులలో తమిళులతోపాటు తెలుగువారును పెద్ద సంఖ్యలో పనిచేసిరి. సిలికోసిస్ అను ఆ జబ్బులో ఊపిరితిత్తి మెత్తదనము పోయి నారకట్టును, శ్వాస కురుచయగును, క్షయ సులభముగా ప్రవేశించును. వైద్యులు ఎక్సు-రే చిత్రములను చూచి జబ్బును గుర్తింపగలిగిరి గాని, ఇసుకరేణువు మాత్రమే ఇంత చేటు చేయుటకు కారణము చెప్పలేకపోయిరి. రేణువుల వాడి అంచులు గాయము చేయుననిరి కొందరు. సిలికా కొద్దికొద్దిగా కరగి విషమగుననిరి మరికొందరు. వాడియే కారణమైనచో వజ్రపు పొడి మరింత చేటు చేయవలెను గదా! జంతువులకు ధూళిని పీల్పించి పరీక్షించుటకు నెలలు పట్టెను. పట్టినను, చచ్చిన జంతువు ఊపిరితిత్తిలో కనబడునది కార్యమే గాని కారణము కాదు.

కారణమును కన్నులార చూచుటకు మార్గమొకటి, ధూళితో ఏమాత్రము సంబంధము లేని పనిలో, అంతకుముందే పుట్టియుండెను. 1907లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున రాస్ హారిసన్ అను పండితుడు కప్ప పిండమునుండి చిన్న నాడీఖండమును తీసి, గడ్డకట్టిన శోషరసపు బిందువులో వ్రేలాడదీసి, సూక్ష్మదర్శిని క్రింద ఉంచెను. ఆ ఖండము చావలేదు. దానినుండి నరపు పోగులు సాగివచ్చెను. దేహము వెలుపల కణజాలమును సజీవముగా పెంచు ఈ పద్ధతియే కణజాల సంవర్ధనము, అనగా టిష్యూ కల్చరు. 1912లో అలెక్సిస్ కారెల్ కోడిపిల్ల పిండపు గుండె ముక్కతో ఆరంభించిన సంవర్ధనము 1946 వరకు నడచినదనిరి. పత్రికలవారు ఏటేట దాని పుట్టినరోజును తలచునంతటి కీర్తి దానికి వచ్చెను. ఆ కీర్తి అంత నిలువలేదు. మామూలు మానవకణము ఏబది మారులకు అటునిటుగా విభజన చెంది అంతట ఆగిపోవునని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ చూపిన తరువాత, కారెల్ పాత్రలో క్రొత్త కణములు ఎటులో వచ్చి చేరియుండవలెనని పలువురు తలచిరి. కీర్తి సంగతి యెట్లున్నను, పద్ధతి నిలిచినది. 1940 దశకమున సూక్ష్మజీవి నాశక ఔషధములు వచ్చుటతో పాత్రలు క్రుళ్ళుట తగ్గెను. 1951లో హెన్రియెటా లాక్స్ అను నల్లజాతి స్త్రీ కంతినుండి, ఆమెకు తెలుపకయే తీసిన కణములు ఎడతెగక పెరుగుచు హీలా యను పేర ప్రపంచమంతట వ్యాపించెను. ఆమె ఆ యేడే మరణించెను. 1955లో హ్యారీ ఈగిల్ కణములకు కావలసిన ఆహారపు పాళ్ళను నిర్ణయించెను. అప్పటికి ఈ విద్య ఏ ప్రయోగశాలలోనైనను సాధ్యమగు పనియైనది.

ధూళి పరిశోధకులకు కావలసిన కణము మరియొకటి. 1882లో మెచ్నికోవ్ మెసినా నగరమున నక్షత్రమత్స్యపు పిల్లలో ముల్లు గ్రుచ్చి, సంచరించు కణములు దాని చుట్టు మూగుటను చూచెను. శత్రువును మ్రింగు ఈ భక్షకకణములే ఊపిరితిత్తి గాలితిత్తులలో కాపలా కాయుచుండును. మిల్లీమీటరులో రెండు వందలవ వంతుకు లోబడిన రేణువులు ముక్కును, శ్వాసనాళమును దాటి ఆ తిత్తులవరకు చేరగలవు. చేరిన రేణువును ఈ కావలివాడు మ్రింగును. మ్రింగిన తరువాత ఏమగుననునదే ప్రశ్న.

1966లో లండనునందలి మిల్ హిల్ పరిశోధనశాలకు చెందిన ఆంథొని ఆలిసన్, దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞుడు హారింగ్‌టన్, వారి తోడివాడు బర్బెక్ కలిసి ప్రకటించిన వ్యాసము ఈ ప్రశ్నకు సమాధానమిచ్చెను. వారు భక్షకకణములను పాత్రలలో పెంచి, కొన్నింటికి సిలికాను, కొన్నింటికి వజ్రపు పొడి వంటి నిరపాయపు ధూళిని ఇచ్చి, చలనచిత్రము తీయుచు, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. కణములు రెండింటిని ఒకే ఆత్రముతో మ్రింగెను. మ్రింగిన రేణువు కణములో ఒక చిన్న సంచిలో చేరును. ఆ సంచిలోనికి లైసోసోములనబడు తిత్తులు జీర్ణరసములను పోయును. ఈ తిత్తులను బెల్జియము దేశీయుడు డి డూవ్ 1955లోనే పేరుపెట్టి వర్ణించియుండెను. కొన్ని గంటలవరకు రెండు పాత్రలకు భేదము కనబడలేదు. వజ్రపు పొడిని మ్రింగిన కణము దానిని సంచిలోనే మూటగట్టి దాచుకొని హాయిగా బ్రతికెను. సిలికాను మ్రింగిన కణములో, ఒక దినము గడచులోపల, సంచి గోడ చిట్లి జీర్ణరసము కణముపైననే పడెను. కడుపులోని ఆమ్లము కడుపునే తిన్నట్లు ఆ కణము తన రసముచేతనే నశించెను. అంతటితో కథ ముగియలేదు. చచ్చిన కణమునుండి బయటపడిన రేణువు చెక్కుచెదరక మరియొక కణమునకు ఆహారమగును. ఆ కణమును అట్లే చచ్చును. గని విడిచి ఏండ్లు గడచినను కూలికి జబ్బు ముదురుటకు హేతువు ఇది. పూర్వపు సిద్ధాంతములు రెండును దీనితో వెనుకబడెను.

మరి నార ఎట్లు పుట్టుచున్నది? మరుసటి యేడు, 1967లో, హెప్పెల్‌స్టన్, స్టైల్స్ అను ఇరువురు సిలికా తిన్న భక్షకకణముల సారమును తీసి, నారను అల్లు కణములున్న వేరొక పాత్రలో వేసిరి. ఆ కణములు ఎక్కువ నారను అల్లజొచ్చెను. సిలికాను నేరుగా ఆ కణములకు ఇచ్చినపుడు ఆ ఫలితము రాలేదు. అనగా ఊపిరితిత్తిని నారకట్టించునది రాయి కాదు. రాతిని మ్రింగి చచ్చుచున్న కావలివాడు పెట్టిన కేకయే. పోల్చిచూచిన ఈ ప్రయోగము మొదటిదానికంటె గొప్పదని చెప్పినను తప్పులేదు. ఏలయన ఇది రెండు జాతుల కణముల నడుమ జరుగు సంభాషణను బయటపెట్టెను. చిట్లిన సంచి కణములో ఏ గంటను మ్రోగించునో 2008లో తెలిసినది. ఎన్‌.ఎల్‌.ఆర్‌.పి.3 అను ప్రోటీను సముదాయము మేల్కొని, వాపును రేపు రసములను వెలువరించునని ఆ యేడు వేర్వేరు పరిశోధక బృందములు చూపినవి.

ఇక ఇనుము మాట. కంసాలి, కమ్మరి వృత్తులు పుట్టిననాటినుండి మనుష్యుడు ఇనుపధూళిని పీల్చుచునే యున్నాడు. 1936లో ఇంగ్లండులో డాయిగ్, మెక్‌లాఫ్లిన్ అను వైద్యులు వెల్డింగు కూలీల ఎక్సు-రేలలో భయంకరమైన మచ్చలను చూచిరి గాని, ఆ కూలీలకు చెప్పుకోదగిన బాధ లేకుండెను. పని మానినవారిలో ఆ మచ్చలు మెల్లగా తగ్గినట్లు ఆ వైద్యులే పిమ్మట గమనించిరి. భక్షకకణము ఇనుప ఆక్సైడును వజ్రపు పొడివలెనే మూటగట్టి దాచుకొనగలుగుటయే ఇందులకు కారణము. దీనిని పట్టుకొని ఇనుపధూళి నిరపాయమని నిశ్చింతగా చెప్పినవారు లేకపోలేదు. అది తొందరపాటు. ఇంగ్లండులోని కంబర్లాండు ఇనుపగనులలో భూగర్భమున పనిచేసినవారికి ఊపిరితిత్తి పుండు ఇతరులకంటె ఎక్కువగా వచ్చెనని 1970లో తేలినది; అచ్చట రేడాను వాయువు దోషియని అనుమానించిరి. బైలడిల్ల గనులు ఆకాశము క్రింద త్రవ్వు గనులగుటచే ఆ వాయువు నిలువ యుండదు. కాని వేరొక చిక్కు కలదు. అప్పుడే పగిలిన క్వార్ట్జు ముఖమున తీవ్రమైన రసాయనశక్తి యుండుననియు, నిలువ యుండిన ధూళికంటె అది కణములను ఎక్కువగా గాయపరచుననియు 1988లో అమెరికా శాస్త్రజ్ఞులు వల్యాతన్ మొదలగువారు చూపిరి. ఆ క్వార్ట్జునకు లేశమాత్రము ఇనుము తోడైనచో ఊపిరితిత్తి వాపు మరింత హెచ్చునని 1997లో ఎలుకలపై చేసిన ప్రయోగము తెలిపినది. ఒంటరిగా సాధువైన ఇనుము క్వార్ట్జుతో కూడినపుడు సాధువు కాదు. చారల రాతిలో ఈ రెండును ప్రక్కప్రక్కనే యున్నవి. ఆ రాతిని తొలచు బరమా ముఖముకడ రెండును అప్పటికప్పుడు పగులుచున్నవి. తడిపి తొలచుట అను పద్ధతికి, నీటి చిలకరింపునకు ఇంత ప్రాముఖ్యము కలుగుట ఇందువలననే.

ధూళి సరే, వాయువుల మాట వేరు. 1952 డిసెంబరులో లండనును కప్పిన పొగమంచు వేలమందిని చంపిన తరువాత గంధక వాయువు, నత్రజని వాయువు, ఓజోను మొదలగువానిని కణములపై పరీక్షింపవలెనను కోరిక బలపడినది. కాని పాత్రలోని కణములు ఆహారద్రవములో మునిగియుండును. పైన వదలిన వాయువు ద్రవముతోనే కలిసి మార్పుచెందును గాని కణమును చేరదు. ఊపిరితిత్తి కణమునకు ఒక ముఖము గాలి, ఒక ముఖము రక్తము. పాత్రను ఊయలవలె ఊపి, కణములను క్షణక్షణము గాలికి తెలుపుట కొంతకాలము నడచిన ఉపాయము. పిమ్మట చిల్లుల పొర మీద కణములను నాటి, ఆహారమును అడుగునుండి ఇచ్చి, పై ముఖమును గాలికి విడుచు పద్ధతి వచ్చినది. ఈ పొరమీద శ్వాసనాళపు కణములు శ్లేష్మమును స్రవించి, కేశములను ఆడించుట కూడ చూడవచ్చును.

వాయువు ఊపిరితిత్తినే గాక రక్తకణముల వంశతంతువులను, అనగా క్రోమోజోములను, తాకునా యను ప్రశ్నకు కణసంవర్ధనము మరియొక త్రోవ చూపెను. ఉత్తరాదివారి రాజ్మా గింజలోనుండు ఒక పదార్థము రక్తమునందలి తెల్లకణములను విభజనకు పురికొల్పునని 1960లో పీటర్ నోవెల్ కనుగొనెను. కొంచెము రక్తమును తీసి, ఆ పదార్థము చేర్చి, రెండు మూడు దినములు వెచ్చగా ఉంచి, అగ్నిశిఖ వంటి మొక్కలలో నుండు కాల్చిసిన్ అను మందుతో విభజనను నడుమ ఆపినచో, క్రోమోజోములు విడివిడిగా కనబడును, విరుగుళ్ళను లెక్కింపవచ్చును. మనుష్యుని బాధింపక, అతడు పీల్చిన గాలి చేసిన కీడును లెక్కించు సాధనమిది. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరేయి భోపాలులో విషవాయువు వెలువడినపుడు బస్తరు ఆ మధ్యప్రదేశ్ రాష్ట్రములోనిదే. 2000 నవంబరు 1 వరకు అట్లే యుండెను. భోపాలు బాధితుల రక్తమును ఈ విధముననే సంవర్ధనము చేసిన కలకత్తా శాస్త్రజ్ఞులు, వాయువు సోకనివారికంటె సోకినవారిలో విరుగుళ్ళు ఎక్కువయని 1990లో ప్రకటించిరి. తెలుగునాట హైదరాబాదు శాస్త్రజ్ఞులు ద్రాక్షతోటలలో పురుగుమందు చల్లు కూలీల రక్తమును ఇట్లే పరీక్షించి, 1987లో అటువంటి ఫలితమునే తెలిపిరి. ముక్కుకు గుడ్డయైనను లేక మందుకొట్టు కూలివానిని చూచిన తెలుగువారికి ఈ ఫలితము ఆశ్చర్యము కలిగింపదు.

గాజుపాత్ర దేహము కాదనునది ఈ విద్యకు మొదటినుండి ఉన్న ఆక్షేపణ. అందు దగ్గు లేదు, శ్లేష్మపు వరద లేదు, ముప్పది యేండ్ల కాలము లేదు. పాత్రలో కణమును చంపినదెల్ల మనుష్యుని చంపునని చెప్పరాదు. అందుచేతనే వివేకముగల పరిశోధకులు పాత్రలో చూచినదానిని కూలీల ఎక్సు-రేలతోను, గనుల ధూళి కొలతలతోను సరిచూచుకొనిరి. సిలికా విషయమున ఆ మూడును ఒకే మాట పలికినవి.

2023 అక్టోబరు 3న జగదల్పూరునకు చేరువనున్న నగర్నారు ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైనది. ఏటికి 30 లక్షల టన్నుల శక్తిగల ఆ కర్మాగారమున బస్తరు ఇనుము బస్తరులోనే కరగుచున్నది. ఇంతవరకు ధూళి మాత్రమే యున్న సీమకు కోకు కొలుముల పొగ క్రొత్తగా వచ్చినది. అట్టి పొగలోని తారు జాతి పదార్థములు పాత్రలోని చిట్టెలుక పిండకణములను పుండు కణములుగా మార్చగలవని 1963లోనే ఇజ్రాయెలులో బెర్‌వాల్డ్, సాక్స్ చూపియుండిరి. క్రొత్త పొగకు ప్రమాదపు కొలతను క్రొత్తగా వెదకవలసిన పనిలేదు.

క్వార్ట్జునకు సంబంధించిన కొలత మాత్రము భోపాలు దుర్ఘటన పిమ్మట, 1987లో, కర్మాగారముల చట్టమునకు చేసిన సవరణతో అనుబంధముగా ప్రవేశించినది. కూలీల ఎక్సు-రేలనుండి పుట్టిన ఆ సూత్రము చాల చిన్నది. పీల్చదగిన ధూళిలో క్వార్ట్జు నూటికి ఎన్ని పాళ్ళో కనుగొని, దానికి 2 చేర్చి, ఆ మొత్తముచేత 10ని భాగింపవలెను; ఘనమీటరు గాలిలో అన్ని మిల్లీగ్రాముల ధూళివరకే అనుమతి. క్వార్ట్జు లేనిచో 5 మిల్లీగ్రాములు. నూటికి 8 పాళ్ళయినచో 1 మిల్లీగ్రాము. 18 పాళ్ళయినచో అర మిల్లీగ్రాము. గనుల నిబంధనలలోను సిలికా పాలు పెరిగినకొలది పరిమితి తగ్గుచునే పోవును. అనగా ధూళి ఎంత లేచినదను ఒక్క లెక్క చాలదు. ఖనిజము తొలచువానికడ ఒకసారి, దాని ప్రక్క చారల రాతిని తొలచువానికడ మరియొకసారి, గాలిని పట్టి తూచి, అందలి క్వార్ట్జు పాలును వేర్వేరుగా తీయవలెను.